కింది మంచం

శుక్రవారం. సజ్జా రోడ్డు మీద ఇసుక
నేలబారున పాకుతోంది, ఎవరో చాప చుడుతున్నట్టు.
బస్సు దిగి కఫ్టేరియాలోకి వెళ్ళేసరికి
భూమేశ్ నిలబడే ఉంటాడు,
కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా.
కూర్చో అంటే కూర్చుంటాడు.
అందుకే ఆ మాట అనడం మానేశాను.
మొదటి వారం ఇద్దరం నిలబడే చాయ్ తాగాం.
మూడో వారం తనే కుర్చీ లాగాడు,
చప్పుడైనందుకు చుట్టూ చూశాడు.

మాలాంటి వాళ్ళకి సిసిలియమ్మ చెప్పిన నియమాలు మూడు.
ఏం చేశావని అడగొద్దు.
అప్పివ్వొద్దు.
మాటివ్వొద్దు.
మూడూ గోడౌన్ రసీదు వెనక రాసుకున్నాను.
వాళ్ళే నిన్ను అడిగితే ఏం చెయ్యాలో
ఆమె చెప్పలేదు.

అడక్కుండానే చెప్పాడు భూమేశ్.
కంపెనీ సేటుది, చెక్కు మీద సంతకం తనది.
సేటు విమానమెక్కాడు.
"ఒక్క సంతకమన్నా. తెలుగులనే పెట్టిన."
రెండేళ్ళ తొమ్మిది నెలలు.

కొత్త సిమ్ము వేశాం.
ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నాను.
"ఏ మాట ఎవ్వలకు చెప్పొద్దో
లోపల మంచిగ నేర్చుకునే అచ్చిన" అని నవ్వాడు.
ఫారంలో ఒక గడి దగ్గర ఆగిపోయాం,
ఈ మూడేళ్ళూ ఏం చేశారు?
సొంత పని అని రాద్దామన్నాను నేను.
"ఉన్న, అని రాయి" అన్నాడు.

లాండ్రీ పఠాన్ గుల్‌జమాన్ ఫారం చూడనే లేదు.
ఉతికిన చొక్కా ఒకటి బల్ల మీదికి విసిరి
కాలర్ ముందా, చేతులు ముందా అన్నాడు.
"కాలర్."
రేపు రా, అన్నాడు.

ఆ సాయంత్రమే అడిగాడు.
"అన్నా, నువ్వెందుకస్తవ్?
జీతమియ్యరు. మా కులపోనివి కావు, మా జిల్లా కాదు."
తయారుగా పెట్టుకున్న జవాబులు నాలిక దాకా వచ్చాయి,
పుణ్యం, సాటి తెలుగువాడు, ఊరకే పోయే శుక్రవారం.
చాయ్ మీద మీగడ కట్టింది.
చెప్పాను.

పన్నెండేళ్ళ కిందట మా గదిలో ఎనిమిది మందిమి.
నాది పై మంచం, రేకు కప్పుకి మూరెడు కింద,
ఏసీ నీళ్ళు పాదాల మీద కారేవి.
కింద వల్లభు, ముద్దనూరు వాడు.
ఒక రాత్రి వచ్చి తీసుకుపోయారు.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.
అప్పుడే నియమమూ లేదు, అయినా అడగలేదు.
తెల్లారి అతని పెట్టె వరండాలో పెట్టి
దుప్పటి దులిపి
ఆ కింది మంచం నేను తీసుకున్నాను.
పద్నాలుగు నెలలు లోపలున్నాడు.
బస్సు టికెట్టు ఐదు దిర్హాములు.
ఒక్క శుక్రవారం పోలేదు.

భూమేశ్ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.
తిడతాడనుకున్నాను.
క్షమిస్తాడేమోనని అంతకన్నా భయపడ్డాను.
"నిద్ర వట్టిందా?"
పట్టింది. నాలుగేళ్ళ తర్వాత బాగా పట్టింది.
"ఊఁ" అన్నాడు.
"పై మంచంల ఎవ్వలకు పడ్తది నిద్ర."

బయట, గోడ నీడలో, చెప్పులు కుట్టే ముసలాయన.
ప్యాంటు జారుతోందని బెల్టు తీసి ఇచ్చాడు భూమేశ్.
బెజ్జాలు ఎన్ని కొట్టమంటావని ఆయన వేళ్ళతో అడిగాడు.
రెండు చూపి, ఆగి,
ఒక వేలు మడిచాడు.
"ఒక్కటి చాలు. మళ్ళ ఒళ్ళస్తది."
జేబులో చెయ్యి పెట్టబోయాను, మణికట్టు పట్టుకుని ఆపాడు.
నలిగిన నోటు తనే తీసి
రెండుసార్లు సాపు చేసి ఇచ్చాడు.

"అచ్చే శుక్రారం అస్తవా?"
మాటివ్వొద్దని నియమం.
బస్సొచ్చింది. ఎక్కాను. కార్డు గీకాను.
తలుపులు మూసుకుంటుంటే
నాలుగున్నరకి అని అరిచాను.
విన్నాడో లేదో,
బెల్టు బిగించుకుంటున్నాడు.